మూడో ఆదివారం వచ్చిన అభ్యంతరం

యేసురాజుకీ జెరూషాకీ మొదటి గొడవ వంకాయ పులుసు దగ్గర వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో యువజనుల బైబిల్ స్టడీ జరుగుతోంది. నడిపించే సైలస్ ఒక ప్రశ్న వేశాడు. పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ ఎంతో ఇష్టంగా వంకాయ పులుసు చేసి పంపింది. నోట పెట్టలేం. ఎలా ఉందని ఆవిడ అడిగితే ఏం చెప్పాలి?

"మస్తుందని చెప్త. గింతదానికి ఆలోచన ఎందుకు?" అన్నాడు యేసురాజు.

"అది అబద్ధం," అంది జెరూషా. బ్యాంకు ఉద్యోగం, యాప్రాల్‌లో ఇల్లు, ఈ చర్చికి కొత్త. "చెప్పకూడదంటే చెప్పకూడదు. పులుసుకో రూలు, పప్పుకో రూలు ఉండదు."

"అన్నిటికన్న పెద్ద రూల్ ప్రేమ. మిగతావన్నీ దాని కిందనే. ఆమె ఖుష్ అయితే దేవుడు సుత ఏమనడు."

"అంటే నీకు ఇష్టమైనవన్నీ ప్రేమ ఖాతాలో రాసేసుకుంటావన్నమాట. బాగుంది వరస."

గదంతా నవ్వింది. యేసురాజు కూడా నవ్వాడు గానీ, అల్వాల్‌లో ఇల్లు చేరేదాకా ఆ మాట మింగుడుపడలేదు.

తర్వాత ప్రతి ఆదివారం ఏదో ఒకదాని మీద వాదించుకున్నారు. రెజిమెంటల్ బజార్‌లో చాయ్ తాగుతూ వాదించుకున్నారు. వానొస్తే ఒకే గొడుగు కింద నడుస్తూ, గొడుగు ఎవరు పట్టుకోవాలన్న దాని మీద కూడా వాదించుకున్నారు. ఇది ప్రేమని యువజనులందరికీ తెలుసు. వీళ్లిద్దరికే ఆలస్యంగా తెలిసింది.

అప్పటికే జెరూషా తండ్రి చిన్నబ్బాయి మాస్టారు కాకినాడ సంబంధానికి మాటిచ్చేశారు. పెళ్లికొడుకు జెరెమియా మంచివాడే. అడిగితే జెరూషా కూడా సరేనంది. అన్నాక మనసు అడ్డం తిరిగింది. కానీ ఇచ్చిన మాట తప్పకూడదన్నది కూడా రూలే కదా.

ఆ చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు. ఒక్క వారం తప్పినా పెళ్లి వాయిదా పడుతుంది. అడగడం ఆనవాయితీయే గానీ, ఇంతవరకూ ఎవరూ ఏమీ చెప్పిన పాపాన పోలేదు. ప్రకటనలు చదివే పని యూత్ సెక్రటరీది. ఆ సెక్రటరీ యేసురాజు.

మొదటి వారం గొంతు తడబడితే నెపం మైకు మీదికి నెట్టాడు. రెండో వారం తల ఎత్తకుండా చదివేశాడు.

మూడో వారానికి ముందురోజు సాయంత్రం, చర్చి వరండాలో అతను వాన తగ్గడం కోసం చూస్తుంటే జెరూషా వచ్చింది.

"రేపు చదువుతావా?"

"చదవక ఏం జేస్త?"

"ప్రేమే పెద్ద రూలన్నావుగా. గొంతు పోయిందని చెప్పు. కాగితం మర్చిపోయానని చెప్పు. పెళ్లి ఆగుతుంది."

ఆ ఆలోచన అతనికి రాలేదని కాదు. వారమంతా అదే ఆలోచన.

"పులుసు బాగుందంటే ముసలామెకు ఖుషీ. రేపు నేను ఎగ్గొడితే ఎవరికి ఖుషీ? నాకే. గసుంటిది ప్రేమ ఖాతాల రాయొద్దని నువ్వే అన్నవ్."

"అయితే నన్ను అతన్నే చేసుకోమంటావు."

"గట్ల అనలే. నీ నోట్లకెల్లి రావాల్సిన మాట నా గొంతు నొప్పితోని చెప్పియ్యకు అంటున్న. నువ్వంటే నాకు ప్రాణం, జెరూషా. అందుకే నీ బదులు నేను డిసైడ్ చెయ్య."

ఆ మాట చెప్పడం అతనికి అదే మొదటిసారి. ఇంతకన్నా తప్పు సమయం దొరకదు. జెరూషా వానలోకి వెళ్లిపోయింది. గొడుగు అతని చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు చదివాడు. ఒక్క అక్షరం తడబడకుండా చదివాడు.

"ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయాలి."

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. యేసురాజు కాగితం మడవబోయాడు.

"నాకుంది."

తండ్రి పక్కనే జెరూషా లేచి నిలబడి ఉంది. పాస్టరుగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"అమ్మా, నువ్వు పెళ్లికూతురివి కదా!"

"ఎవరికైనా అన్నారు కదండీ. అతన్ని ప్రేమిస్తానని ఇక్కడే దేవుడి ముందు మాటివ్వాలి. అది అబద్ధమవుతుంది. మొదట ఇచ్చిన మాట తప్పుతున్నాను, అదీ తప్పే. జెరెమియాగారికి పొద్దున్నే ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. తిట్టారు. తిట్టాల్సిందే."

యేసురాజుకి వెళ్లి ఆమె పక్కన నిలబడాలనిపించింది. కానీ ఉన్నచోటే ఉన్నాడు.

"ఆ ఏడ్చేదేదో ముందే ఇంట్లో ఏడవొచ్చుగా!" అన్నారు చిన్నబ్బాయి మాస్టారు, బయట మెట్ల మీద. వానాకాలం వెళ్లేదాకా కూతురితో ఇంకో మాట మాట్లాడలేదు. చివరికి ఒక రోజు కూతురి నోట సంగతంతా విని, యేసురాజుని భోజనానికి పిలిపించారు.

"ఆ రోజు చదవకుండా ఎగ్గొట్టి ఉంటే నిన్ను నా గుమ్మం తొక్కనిచ్చేవాణ్ని కాదు. కూర్చో, తిను."

విస్తట్లో వంకాయ పులుసు. ఎలా ఉందని అడిగింది జెరూషా.

"ఉప్పు జెర ఎక్కువైంది," అన్నాడు యేసురాజు.

జెరూషా ముఖం వెలిగిపోయింది. మాస్టారి ముఖం మాత్రం మాడింది. వండింది ఆయన.

క్రిస్మస్ అయ్యాక మళ్లీ ప్రకటన. ఈసారి సైలస్ చదివాడు. యేసురాజు, జెరూషా అని పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమన్నాడు.

మందిరమంతా తిరిగి జెరూషా వైపు చూసింది. మాస్టారు కూడా చూశారు, కాస్త భయంగానే.

జెరూషా లేచి నిలబడింది.

"నాకేం లేదండీ," అంది. "కానివ్వండి."