చూపుల తిన్నె

పూర్వం నల్లరాతి రాజ్యంలో సూర్యుడు కనబడడం మానేశాడు. నిప్పుకొండ కక్కిన బూడిద ఆకాశమంతా కమ్మేసింది. జొన్నచేలు మొలకలోనే పాలిపోయాయి. కొండను శాంతింపజేసినవారికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు చాటింపు వేయించాడు. కత్తులు ఝళిపిస్తూ వెళ్ళిన వీరులంతా దగ్గుకుంటూ తిరిగొచ్చారు. కత్తికి కొండ భయపడుతుందా, మీరే చెప్పండి పిల్లలూ.

ఆ ఊళ్ళో బండి తోలుకు బతికే సూరమ్మకు నాంచారి ఒక్కతే కూతురు. బూడిద గాలికి సూరమ్మ దగ్గి దగ్గి మంచం పట్టింది. అమ్మ బతకాలంటే కొండ చల్లారాల్సిందేనని నాంచారి ప్రయాణం కట్టింది. ఆ పొద్దున సూరమ్మ ఓపిక లేకపోయినా లేచి కూర్చుని కూతురికి జడ వేసింది. ఆవిడ జడ వేస్తే కనుబొమలు కూడా పైకి లాక్కుపోయేవి.

"అమ్మా, నొప్పి" అని గొణిగింది నాంచారి.

"దారిలో ఊడిపోతే ఎవరు వేస్తారే? కదలకు" అంది సూరమ్మ.

నాంచారి కాలిపోయిన మోదుగ అడవి దాటింది. ఉడికే మడుగుల మధ్య రాళ్ళ మీద గెంతుకుంటూ కొండ ఎక్కింది. బండిబాట మలుపు తిరిగేచోట ఒక రాతి తిన్నె ఉంది. మంచిరోజుల్లో బాటసారులు అక్కడ ఎడ్లను విప్పి, సద్దిమూటలు తెరిచి లోయను చూసేవారు. గడ్డకట్టిన నల్లరాతి అలలు, నడుమ పచ్చటి మడుగు, దూరంగా ఎర్రటి నిప్పువాగు. ఎంత బాగుందో అనుకుని, మూతి తుడుచుకుని వెళ్ళిపోయేవారు.

ఇప్పుడు తిన్నె మీద ఒక భూతం కూర్చుని ఏడుస్తోంది. దానికి కళ్ళు లేవు.

"ఎందుకు తాతా ఏడుపు?"

"ఈ కొండను నేనే పిల్లా. పుట్టుగుడ్డిని. అందరూ నా భుజమ్మీద కూర్చుని బాగుంది బాగుంది అన్నారు. ఏం బాగుందో నాకు చెప్పిన పాపాన పోలేదు. నాకు లేని చూపు మీకెందుకని బూడిద కప్పాను."

"నేను చెబుతాను."

"చెబితే చాలదు. నువ్వు చూసినదాన్ని ఇవ్వాలి. ఇచ్చాక అది నీకు ఉండదు."

నాంచారి మంచు కురిసిన జొన్నచేను ఇచ్చింది. బూడిద ఆగలేదు. తిరునాళ్ళలో చూసిన రంగులరాట్నం ఇచ్చింది. అయినా ఆగలేదు.

"ఏది చూస్తే నీ కడుపు నిండుతుందో అదివ్వు" అంది భూతం.

నాంచారికి అర్థమైంది. "అమ్మ ముఖం ఇచ్చేస్తే, ఎదురుపడినా గుర్తుపట్టనా?"

"పట్టవు."

"అమ్మ బతుకుతుందా?"

"బతుకుతుంది."

జడ కొస గుప్పిట్లో పట్టుకుని నాంచారి చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు మూసుకుని ఇచ్చేసింది.

భూతం ముఖం వెలిగింది. "నుదుటి మీద చిన్న మచ్చ ఉంది. నవ్వితే ఒక పక్కకే నవ్వుతోంది" అంది.

"అవునా" అంది నాంచారి.

బూడిద ఆగింది. ఎండ కాసింది. తిరిగొచ్చిన నాంచారికి రాజు ఎదురొచ్చి అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. ఆమె ఆగకుండా ఇంటికి పరుగెత్తింది. గుమ్మంలో ఒక బక్కపలచని ఆవిడ నిలబడి ఉంది.

"పిన్నీ, మా అమ్మ లోపలుందా?"

సూరమ్మ కూతుర్ని గడప మీద కూర్చోబెట్టి, తలలో బూడిద దులిపి, జడ వేయసాగింది.

"అమ్మా, నొప్పి." ఆ మాట దానంతటదే వచ్చేసింది. ఇద్దరూ బావురుమన్నారు.

"వదులుగా వెయ్యనా తల్లీ?"

"వద్దమ్మా. ఇలాగే వెయ్యి."

అర్ధరాజ్యం ఏలినన్నాళ్ళూ నాంచారి రాణి రోజూ పొద్దున్నే ఎవరో ఒక పెద్దావిడ ముందు కూర్చునేది. జడ బిగిసేదాకా ఆవిడ ఎవరో ఆమెకు తెలిసేది కాదు.