రాత్రి దాటని వంట

"ఏవండీ, ఇది ఒకసారి వాసన చూడండి. నాకేదో తేడాగా అనిపిస్తోంది. పిల్లకి, మన మిరియానికి, ఏమన్నా అయిందంటే ఇంక మనం బతికి ఏం లాభం?"

పొయ్యి మీంచి గిన్నె దింపి పది నిమిషాలు కూడా కాలేదు. పొగలు ఇంకా పోతూనే ఉన్నాయి. పెద్దాయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని, వంగి, గిన్నె మీద ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు.

"బ్రహ్మాండంగా ఉంది. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాను, హాయిగా కూర్చోవచ్చనుకున్నాను. ఇంట్లో ఈ ముక్కు డ్యూటీ పడింది. దీనికి రిటైర్మెంటు లేదా?"

"మీ ఎగతాళి తర్వాత. ఆ కాలీఫ్లవర్ కాడల దగ్గర ఏమన్నా..."

"కాడ కాడలాగే ఉంది. ఇందాక కొన్నావు, ఇందాక తరిగావు, ఇప్పుడు ఉడికించావు. పాడవడానికి దానికి టైమెక్కడ ఇచ్చావే?"

అయినా ఆమె తనూ ఒకసారి వాసన చూసింది. మూత పెట్టింది. మళ్ళీ మూత తీసి ఇంకోసారి చూసింది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె కీడు ఎంచడం దగ్గరే ఆగిపోయి చాలా ఏళ్ళయింది.

ఆ వంటింట్లో ఏదీ వృథా పోదు. కాలీఫ్లవర్ కాడల మీద పీచు ఒలిచి, లోపలి లేత భాగం సన్నగా తరుగుతుంది. బంగాళాదుంపలు ఉడికించిన నీళ్ళతోనే పిండి కలుపుతుంది. ఎండిపోయిన రొట్టెను నలిపి పొడి చేస్తుంది. పిండేసిన నిమ్మచెక్కతో సింకు తోముతుంది. చెత్తబుట్ట వారానికి రెండుసార్లు కూడా నిండదు. అయితే ఎంత పొదుపరి అయినా, పొద్దున వండింది సాయంత్రానికి గిన్నెలో మిగలనివ్వదు. రాత్రి దాటిన మెతుకు ఆ ఇంట్లో ఎవరి నోట్లోకీ పోదు. అందుకే అన్నీ కొలిచి వండుతుంది. గ్లాసుతో బియ్యం తీసి, మనిషికింతని లెక్క. ఆ లెక్క పూర్తయ్యాక కూడా చెయ్యి ఒక్కోసారి దానంతటదే డబ్బాలోకి పోతుంది, ఇంకో గ్లాసు తీయడానికి. అప్పుడు ఉలిక్కిపడి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరుగుతుంది. వెనక ఎవరూ ఉండరు. ఎవరో ఉన్నట్టు మాత్రం ఉంటుంది.

కొడుకు చిన్నోడు పోయి ఇరవై ఆరేళ్ళు. వాడికప్పుడు ఐదేళ్ళు. ఆమె ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి వాడు వాంతులు చేసుకుంటూ పడి ఉన్నాడు. పక్కన తొమ్మిదేళ్ళ కూతురు తడిగుడ్డతో వాడి మూతి తుడుస్తూ ఉంది. రెండోరోజు తెల్లవారకముందే వాడు వెళ్ళిపోయాడు. తిన్నదాంట్లో ఏదో పాడైంది అన్నారు డాక్టరు. ఆ పొద్దున ఆమె ముందురోజు దుంపలూ కూరముక్కల కొసలూ కలిపి మెత్తగా ఉడికించి వెళ్ళింది. అదే అయ్యుంటుందని ఆమె ఆరోజే తీర్పు చెప్పుకుంది. ఆ తీర్పును ఎవరూ కొట్టేయలేదు. అసలు ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. గోడ మీద చిన్నోడి ఫోటో ఉంది. ఇంట్లో వాడి మాట లేదు.

వీధిలో స్కూటర్ ఆగిన చప్పుడైంది. పెద్దాయన గేటు తీయడానికి వెళ్ళాడు. కూతురు నాలుగేళ్ళ పిల్లని చంకలో, సంచిని చేతిలో పెట్టుకుని లోపలికొచ్చింది. ఆమెకి మందుల కొట్టులో పని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అట్టపెట్టెల మీద తేదీలు చూడటమే ఉద్యోగం. అల్లుడూ ఉద్యోగానికి పోతాడు కాబట్టి రెండేళ్ళుగా పిల్ల పగలంతా అమ్మమ్మ దగ్గరే. పుట్టినప్పుడు నల్లగా, గుండ్రంగా ఉందని తాతయ్య పెట్టిన పేరు మిరియం. ఆ పేరే ఖాయమైపోయింది.

"అమ్మా, డబ్బాలో ప్యాకెట్టు లంచ్ ఉంది, వేడి చేసి పెట్టు. ఇవి బిస్కెట్లు. ఇది జ్యూసు. డేట్లు చూశాను. ఇవి తప్ప ఇంకేం పెట్టకు."

"రోజూ చెప్పాలా? నేనేం పెడుతున్నానే?"

"చెప్తున్నానంతే."

"నువ్వైనా కాస్త తిని వెళ్ళు. ఇప్పుడే దింపాను, మీ నాన్న కూడా చూశారు..."

"టైం లేదమ్మా."

పెళ్ళైనప్పటి నుంచీ కూతురికి ఈ వంటింట్లో టైం లేదు. నీళ్ళు తాగుతుంది, అదీ తన సీసాలోంచి. ఆమె ఇంట్లో పొయ్యి కొత్తగా తళతళలాడుతూ ఉంటుంది. వెలిగిస్తేగా మాసేది!

పదకొండింటికి మిరియం డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మూతి తిప్పేసింది.

"ఇది జిగురుగా ఉంది. నాకొద్దు."

"అలా అనకూడదమ్మా. మీ అమ్మ పంపింది."

"నువ్వేం చేస్తున్నావు?"

అమ్మమ్మ కడిగి, గుడ్డ మీద ఆరేసిన బంగాళాదుంప తొక్కలని సన్నటి సెగ మీద వేయిస్తోంది. అవి ముడుచుకుని, గలగలమంటూ, అంచులు ఎర్రబడుతున్నాయి.

"ఇవి నీకు కాదు."

"ఎవరికి?"

అమ్మమ్మ తొక్కల్ని గరిటెతో అటూ ఇటూ తిప్పింది. మిరియం పీట లాక్కుని, ఖాళీ ప్లేటు ముందు పెట్టుకుని, చెంచాతో దాని అంచు మీద కొట్టింది. టక్, టక్టక్. టక్, టక్టక్.

అమ్మమ్మ గబుక్కున వెనక్కి తిరిగింది. చిన్నోడు అచ్చం అలాగే కొట్టేవాడు. ఒకటి విడిగా, రెండు కలిపి. ఈ పిల్ల వాణ్ణి చూసింది లేదు, నేర్పినవాళ్ళు లేరు.

"ఎవరు నేర్పారే నీకు అది?"

"ఎవరూ నేర్పలా. ఆకలేస్తే ఇలా కొడతారు."

ఆమె తొక్క ఒకటి తీసి వాసన చూసింది. కొరికింది. నిమిషం ఆగింది, తనకేమైనా అవుతుందేమోనని. ఇంకోటి తిని, మళ్ళీ ఆగింది. అప్పుడు నాలుగు తీసి పిల్ల ప్లేటులో పెట్టింది.

"ఇంకా కావాలి," అంది మిరియం, నోరు నిండుగానే.

ఇంకా పెట్టింది. కాడలు వేసిన కూరతో రెండు ముద్దలు అన్నం కూడా పెట్టింది. పిల్ల తింటూంటే ఎదురుగా కూర్చుని, పొట్ట మీద చెయ్యేసి, నొప్పిగా ఉందా, వికారంగా ఉందా అని అడుగుతూనే ఉంది.

"నువ్వు అడిగితే నొప్పొస్తోంది," అంది మిరియం.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర నీడ పడింది. కొట్టులో కరెంటు మరమ్మతు ఉందని కూతురు మధ్యాహ్నం కాకముందే వచ్చేసింది. ఆమె చెప్పులు కూడా విప్పలేదు. ఒక్క అంగలో వచ్చి, ప్లేటు లాక్కుని, తిన్నగా సింకులో పడేసింది.

"ఉమ్మెయ్! ఉమ్మెయ్ అంటున్నానా! ఎంత తిన్నావు? అమ్మా, ఎంత తింది ఇది?"

మిరియం రాగం అందుకుంది. తాతయ్య ముందుగదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందే? ఇల్లు పీకి పందిరేస్తున్నావు? దుంప తొక్కలు తింది. రాళ్ళు తినలేదుగా!"

"మీరు ఊరుకోండి నాన్నా! ఏం పెట్టొద్దని లక్షసార్లు చెప్పాను. రేపట్నుంచి దీన్ని బేబీకేర్‌లో వేస్తాను. ఇంక ఇక్కడికి తీసుకురాను."

పెద్దాయన భార్య ముఖం చూశాడు. ఏడుస్తున్న మనవరాల్ని ఎత్తుకుని, "రావే, మనం వీధిలో బస్సులు లెక్కపెట్టుకుందాం," అంటూ బయటికి నడిచాడు.

వంటింట్లో తల్లీ కూతుళ్ళు మిగిలారు. పొయ్యి మీద మూకుడు మాడుతోంది. తల్లి స్టవ్ ఆపేసింది.

"నేరుగా అనేయవే. ఎందుకు నీళ్ళు నములుతావు? అనేసి వెళ్ళు."

"ఏమనాలి?"

"నా చేతివంట తినబట్టే నీ తమ్ముడు పోయాడని. అందుకే నీ బిడ్డకి నా చేతి ముద్ద పెట్టనివ్వవని. నాకు తెలీదనుకున్నావా? నువ్వు ఈ ఇంట్లో మెతుకు ముట్టి ఎన్నేళ్ళయింది? నువ్వు అనకపోయినా నేను రోజూ అనుకుంటున్నానే. ప్రతి గిన్నె దగ్గరా అనుకుంటున్నాను. వాణ్ణి నేనే..."

"అమ్మా, ఆపు."

"నేనే చంపుకున్నాను!"

ఆ మాట ఆ గోడల మధ్య మొదటిసారి బయటికొచ్చింది. కూతురు సింకు అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"నువ్వు కాదు," అంది.

"ఓదార్చకు."

"ఓదార్చడం లేదు. ఆ రోజు వాడు దుంపలు తినలేదమ్మా. ఆ గిన్నె అలాగే ఉంది. నువ్వు ఆసుపత్రికి పరుగెత్తాక నేనే పారేశాను."

తల్లికి అర్థం కాలేదు. "మరేం తిన్నాడు?"

"ముందురోజు రాత్రి ఎముకల సూపు కాచావు, గుర్తుందా? పొయ్యి మీదే మర్చిపోయావు. పొద్దున మూత తీసి వాసన చూసి..."

"పారబోయమన్నాను. గుమ్మంలో చెప్పులేసుకుంటూ నీకు చెప్పాను, ఆ సూపు పారబొయ్యి అని."

"పారబొయ్యలేదు."

కుళాయి లోంచి ఒక బొట్టు సింకులోని ప్లేటు మీద పడింది.

"నువ్వెప్పుడూ ఏదీ పారేయవు కదమ్మా. తొక్క కూడా పారేయవు. ఆ ఒక్కరోజు పారబోయమన్నావు. డ్యూటీకి టైమైపోయి అన్నావనుకున్నాను. మళ్ళీ మరిగిస్తే బాగైపోతుంది, నువ్వొచ్చి 'ఎంత పనిమంతురాలివే' అంటావనుకున్నాను. బాగా మరిగించాను. ఉప్పేశాను. నీలాగే కాడలు సన్నగా తరిగి వేశాను. వాసన పోయింది. వాడు ప్లేటు కొడుతూ కూర్చున్నాడు. పోస్తే తాగాడు. ఇంకా కావాలన్నాడు."

"నువ్వు తాగలేదా?"

"వాడికి చాలదేమోనని తాగలేదు."

తల్లి గోడకి ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది.

"డాక్టరు అడిగినప్పుడు తలుపు వెనకే ఉన్నాను. 'నేను వండిందే తిన్నాడు' అన్నావు. నోరు తెరిస్తే నన్ను ఎవరో పట్టుకుపోతారనుకున్నాను. తర్వాత నువ్వు గిన్నెలు వాసన చూడటం మొదలెట్టావు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. చూసిన ప్రతిసారీ చెప్పేద్దామనుకున్నాను. ఇన్నేళ్ళూ నిన్ను అలా చూస్తూ ఊరుకున్నాను. నేను పొయ్యి వెలిగించలేనమ్మా. వెలిగిస్తే వెనక నుంచి వాడు 'ఇంకా' అంటాడు. ప్యాకెట్టు మీద డేటుంటే ఎవరో చూశారు, ఎవరో ముద్రేశారు. తప్పు నాది కాదు. నీ వంటంటే భయం కాదు. వంటంటేనే భయం."

ఆమె మాట అయిపోయింది.

తల్లి లోపల మొదట కదిలింది ఏమిటో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఇరవై ఆరేళ్ళ బరువేదో భుజాల మీంచి జారింది. నా చెయ్యి కాదు, అనుకుంది. అలా అనుకున్న మరుక్షణం ఆ బరువు ఎక్కడికి జారి పడిందో కనిపించింది. ఎదురుగా నిలబడి ఉంది, చెప్పులు విప్పకుండా, సింకు పట్టుకుని. ఇప్పుడు పడింది కాదు. అప్పటి నుంచీ అక్కడే ఉంది. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో, ఇద్దరూ ఎవరి మూట వాళ్ళు మోసుకుంటూ, ఎదుటిదాని చేతిలో ఏముందో చూడకుండా తిరిగారు. కొడుకు కోసం ఏడ్చింది. కూతురు ఏడవకపోతే గట్టి పిల్ల అనుకుంది.

కోపం రావాలి. వస్తుందేమోనని ఎదురుచూసింది కూడా. ఆ రోజు సంగతి తలుచుకుంటే ఎప్పుడూ వాడే కనబడేవాడు, మంచం మీద, కళ్ళు పైకి తేలేసి. ఇప్పుడు మాత్రం, ఎంత వెతికినా, పొయ్యి ముందు మునివేళ్ళ మీద నిలబడిన ఒక పిల్ల కనబడుతోంది. సలసలా మరుగుతున్న గిన్నె. చుట్టూ పెద్దవాళ్ళెవరూ లేరు.

వీధిలో ఏదో బస్సు పోయింది. "ఏడు!" అని మిరియం అరుపు వినబడింది.

"ఏదో ఒకటి అనమ్మా," అంది కూతురు. "తిట్టు. కొట్టు. ఏదో ఒకటి."

తల్లి తలెత్తింది.

"ఆ పొయ్యి నీకు అందేది కాదు కదే," అంది. "నిన్ను ఒంటరిగా దాని దగ్గర వదిలేసి పోయింది నేను. అంత వేడి గిన్నె ఎలా దింపావే తల్లీ? చెయ్యేమన్నా కాలిందా?"

కూతురు సింకు వదిలి, అక్కడే తల్లి ఎదురుగా నేల మీద కూలబడింది. ఎడమచెయ్యి చాపి, మణికట్టు లోపలి వైపు తిప్పి చూపించింది. అక్కడిప్పుడు ఏమీ లేదు, మెత్తటి చర్మం తప్ప. తల్లి ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, ఉఫ్ అని ఊదింది.

"కాలింది," అంది కూతురు చివరికి. "చాలా మండిందమ్మా."