ఒళ్లు కాచే బౌలర్

నెట్స్ దగ్గరకు వస్తూనే ఆమె హెల్మెట్ తీసి బెంచీ మీద పెట్టింది. పెట్టిందనడం మర్యాద కోసం. పడేసింది.

"పొడుగూ, నాకు సరైన షార్ట్ బాల్ వేసి ఎన్నాళ్లయింది నువ్వు?"

కళ్లద్దాల దుకాణంలో పని చేసే ఆ కుర్రాణ్ణి అందరూ పొడుగనే పిలుస్తారు. దుకాణం తెరిచేలోపు రోజూ ఆమెకు బౌలింగ్ చేస్తాడు.

"వేస్తూనే ఉన్నాగా."

"అవి నడుము దాటి లేస్తే ఒట్టు. నిన్న మ్యాచ్‌లో మొదటి షార్ట్ బాలే మొహం మీదకొచ్చింది. బ్యాట్ ఎటు పెట్టాలో తెలీక కీపర్ చేతికిచ్చి వచ్చేశా."

మామూలు మ్యాచ్ అయితే ఇంత కోపం ఉండేది కాదు. అది సీనియర్ జట్టు ఎంపిక కోసం పెట్టింది. ఇక మిగిలింది ఎల్లుండి ఆట ఒక్కటే. 'మెడ దాకా లేచే బంతికి బెదిరే పిల్లని ఎలా తీసుకోను?' అని సెలెక్టర్ మేడమ్ మొహం మీదే అనేసింది.

అతను బంతిని ప్యాంటుకు రుద్దుతూ నిలబడ్డాడు. బంతి ఎప్పుడో మెరిసింది, అయినా రుద్దుతూనే ఉన్నాడు.

"ఆ రోజు నా బంతి తగిలి నీ భుజం నీలంగా కమిలిపోయింది," అన్నాడు.

"భుజం నాది. కమిలితే నాకు కమిలింది. మధ్యలో నీకేంటి?"

"నాకేంటో తెలిశాకే వెయ్యడానికి చెయ్యి రాలేదు."

గ్లౌజు పట్టీ బిగిస్తున్న ఆమె వేళ్లు ఆగిపోయాయి.

నెట్ వెనక కుర్చీలో ఆమె తల్లి ఫ్లాస్కు మూత తిప్పుతోంది. నర్సు, రాత్రి డ్యూటీ దిగి సరాసరి ఇక్కడికే వస్తుంది. వినీ విననట్టు ఉండడం వార్డుల్లో బాగా అలవాటైన మనిషి.

"ఇష్టమైతే ఇలాగేనా చేసేది?" ఈసారి ఆమె గొంతు తగ్గింది. "నువ్వు జాలిపడి దాచిన బంతిని వాళ్లు దాచరుగా. ఆ దెబ్బేదో ముందు నీ చేతే తిననీ."

అతను బంతి రుద్దడం ఆపాడు. రనప్ మొదటికి నడిచాడు.

మొదటి బంతికి ఆమె కూర్చుండిపోయింది. రెండోది గ్లౌజుకు తగిలింది. అతను పరుగెత్తుకు రాబోతుంటే బ్యాట్ అడ్డంగా ఊపి వెనక్కి పంపింది. సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఇద్దరిలో ఒక్కరూ ఆకాశం వైపు చూడలేదు.

"బాబూ, వాన పెద్దదయ్యేలా ఉంది," అంది వాళ్లమ్మ. "గట్టివి ఇంకో నాలుగు వేసి ఆపు."

రెండు రోజుల తర్వాత మ్యాచ్‌లో అవతలి జట్టు ఫాస్ట్ బౌలర్‌కి ఆమె సంగతి ముందే తెలుసు. వచ్చీ రాగానే గడ్డం మీదకు లేచేలా వేసింది. ఆమె వెనక కాలి మీద గిర్రున తిరిగి కొట్టింది. బౌండరీ బయట నిలబడ్డ పొడుగు, తన కాళ్ల ముందు నుంచి దూసుకుపోయిన బంతిని పట్టుకోవడం కూడా మరిచాడు. సాయంత్రం జట్టు ప్రకటించేటప్పుడు సెలెక్టర్ మేడమ్ చదివిన మూడో పేరు ఆమెదే.

"క్యాంపు నెల రోజులు," అంది ఆమె, కిట్ బ్యాగు అతని చేతిలో పెడుతూ. "అక్కడ బౌలింగ్ మెషీన్ ఉందట."

"మంచిదేగా. దానికి జాలుండదు."

"తిట్టినా పలకదు. నాకు తోచదు." హెల్మెట్ కూడా అతనికే ఇచ్చింది. "తిరిగొచ్చాక పొద్దున్నే నెట్స్‌లో ఉంటావా?"

"ఉంటా. గట్టిగానే వేస్తా." తర్వాత నెమ్మదిగా అడిగాడు, "మళ్లీ తగిలితే?"

"ఐస్ నువ్వే పెట్టాలి."

నాలుగడుగుల ముందు నడుస్తున్న వాళ్లమ్మ వెనక్కి తిరగకుండానే అంది.

"వచ్చే నెల నుంచి నాకు పగటి డ్యూటీ. పొద్దున్నే రావడం కుదరదు. ఐస్ సంగతి మీరే చూసుకోండి."