వాస్కానా లాగ్‌బుక్

2023 ఫిబ్రవరిలో శేషగిరి శవం కెనడాలోని రెజైనా ఊరి సరస్సు మంచులో దొరికింది. చలికి పోయాడని పోలీసులు రాసుకున్నారు. మైనస్ ముప్ఫై రెండులో కోటు విప్పి, చక్కగా మడిచి పక్కన పెట్టుకుని ఎవడు పోతాడని మాత్రం ఎవరూ అడగలేదు.

"వాడు మనవాడు. ఇక నువ్వు బయల్దేరు," అన్నాడు గూఢచారి సర్వీస్ చీఫ్ దక్షిణామూర్తి, ఒటావాలోని తన ఆఫీసులో ఫైలు ముందుకు తోస్తూ.

ఏజెంట్ ఇమ్మాన్యుయేల్ ఫైలు తెరిచాడు. వాస్కానా అనే డిస్ట్రాయర్ యుద్ధనౌక. 1931లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో కెనడా నేవీలో చేరింది. అట్లాంటిక్ దాటుతుండగానే తుఫాను ఇద్దరు నావికుల్ని మింగింది. తర్వాత హాలిఫాక్స్ రేవులో కాపురం, చలికాలం వస్తే కరీబియన్‌లో విన్యాసాలు.

"ఈ పాత ఇనుము కోసం మనిషిని చంపారా సర్?"

"1934లో దాన్ని పడమటి తీరానికి పంపారు. నలభై రోజులు ఒకే ఇన్లెట్‌లో, అంటే సన్నటి సముద్రపు పాయలో, నిలబడి సముద్రం లోతులు కొలిచారు. ఆ అంకెలు ఏ మ్యాపులోనూ అచ్చు కాలేదు. ఇవాళ మన సబ్‌మెరైన్లు దాక్కునేది అక్కడే. అవి రాసిన ఓడ లాగ్‌బుక్ రెజైనాలో ఓ ఆర్కైవ్‌లో ఉంది. పోయిన నెల దాన్ని స్కాన్ చేశారు."

"ఎవరు?"

"ఎలీనా. భీమవరం పిల్ల. స్టూడెంట్, అక్కడ పార్ట్ టైమ్ చేస్తోంది. స్టడీ పర్మిట్ క్యాన్సిల్ చేయిస్తామని శత్రువుల ముఠా బెదిరిస్తే కాపీ ఇచ్చేసింది. ఆదివారం సరుకు దేశం దాటుతుంది. ఎలీనాయే మోస్తుందని హోప్ కబురు పంపింది."

హోప్ ఆ ముఠాలో సర్వీస్ నాటిన మనిషి. గుంటూరు పాస్టరుగారి కూతురు. ఆమె నవ్వితే ఎదుటివాడు పాస్‌వర్డ్ కూడా చెప్పేస్తాడని సర్వీసులో ఒక జోకు.

శనివారం ఎలీనాని ఆమె ఉండే బేస్‌మెంట్‌లో కలిశాడు ఇమ్మాన్యుయేల్. ఆరుగురు అమ్మాయిలు, ఒక బాత్‌రూమ్.

"పెన్‌డ్రైవ్ లైబ్రరీ లాకర్లో పెట్టమన్నారు బ్రదర్, పెట్టేశా. ఎవరు తీసుకున్నారో నాకు తెలీదు," ఎలీనా ఏడుపు ఆపుకోలేకపోయింది. "రేపు జ్ఞానవతి ఆంటీ ఇంట్లో ప్రేయర్‌కి రమ్మని మెసేజ్ పెట్టారు. నన్ను వెనక్కి పంపేస్తారా?"

"రేపు అక్కడికి రా. నీ పర్మిట్‌కి నాదీ హామీ."

జ్ఞానవతి ఆంటీ ఇంట్లో ఆదివారం ముప్ఫైమంది స్టూడెంట్లు. నాలుగు పాటలు, ఒక బైబిల్ వాక్యం, ఆ తర్వాత బిర్యానీ. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో వేయాలి. ఇమ్మాన్యుయేల్ ఏజాక్స్ ఊరి నుంచి వచ్చిన సువార్తికుడి వేషంలో సోఫాలో కూర్చున్నాడు.

ఎదురుగా కూర్చున్న హోప్ ఎడమ చెవి కమ్మ సవరించుకుంది. అది కోడ్. సరుకు ఎలీనా బ్యాగులో ఉంది, పట్టుకో అని.

ఇమ్మాన్యుయేల్ కదల్లేదు. గంటసేపటి నుంచీ అతను చూస్తున్నది హోప్ బైబిల్ కవరు జిప్పుని. అది ఒక్కసారీ తెరుచుకోలేదు.

బయట టాక్సీ హారన్ కొట్టింది. హోప్ లేచింది. "వస్తానాంటీ, ఫ్లైట్ టైమైంది."

"సిస్టర్, ఎనభై ఎనిమిదో కీర్తన చదివి వెళ్లండి," అన్నాడు ఇమ్మాన్యుయేల్.

"ఫోన్‌లో చదువుతా బ్రదర్."

"బైబిల్ చంకలో పెట్టుకుని ఫోనెందుకమ్మా?" ఆంటీ చొరవగా కవరు లాక్కుని జిప్పు తీసింది. పుస్తకం నడిమికి తెరిచి కెవ్వుమంది.

బైబిల్‌ని సరిగ్గా మధ్యకి తెరిస్తే వచ్చేది కీర్తనలే. ఇంటి ప్రార్థనల్లో ముందు తిప్పేదీ వాటినే. ముఠావాళ్లు పెన్‌డ్రైవ్ కోసం ఆ పేజీల్నే చదరంగా కోసేశారు. ఎవరూ తిప్పని ఏ లేవీయకాండంలోనో కోసి ఉంటే ఆ పూట ఆమెని అడిగేవాడే లేడు. పాస్టరుగారి కూతురై ఉండి, చేతికొచ్చిన బైబిల్‌ని విప్పి చూసుకోలేదు హోప్!

పెన్‌డ్రైవ్ కార్పెట్ మీద పడింది. హోప్ లిప్‌స్టిక్ మూత ఊడదీసింది. అందులోంచి విషం సూది. అది ఎలీనా మెడ మీద ఆనింది.

"అది ఇటివ్వు. శేషగిరికి పట్టినంతసేపు కూడా పట్టదు దీనికి."

ఇమ్మాన్యుయేల్ ఎలీనా వైపు చూడనైనా లేదు. బూటు మడమతో పెన్‌డ్రైవ్‌ని నుజ్జు చేశాడు.

హోప్ దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ అరక్షణంలో ఎలీనా ఆమె మణికట్టు కొరికింది. సూది కింద పడింది. ఇమ్మాన్యుయేల్ బేడీలు వేశాడు.

"పొడిచేసుంటే బ్రదర్?" మెడ తడుముకుంటూ అడిగింది ఎలీనా.

"పొడవలేదుగా."

"మరి నా పర్మిట్..."

"మాటిచ్చానుగా."

మాట తప్పే ఉద్దేశం అతనికి నిజంగానే లేదు. రిపోర్టులో ఆమెని 'సహకరించిన పౌరురాలు' అని రాశాడు. చీఫ్ చదివి 'పౌరురాలు' కొట్టేసి 'టెంపరరీ రెసిడెంట్' అని దిద్దాడు. కాపీ ఇచ్చింది ఆమే కాబట్టి పైవాళ్లు 'సహకరించిన' కూడా కొట్టేశారు.

పదకొండో రోజున ఎలీనాని ఇండియా విమానం ఎక్కించారు. సర్వీస్‌కి మాత్రం మనసు లేదా? కిటికీ పక్క సీటే ఇప్పించింది.