ఎదురులేని అమ్మాయి

"నీ పద్ధతికి ఒకచోట కుదురే లేదు," అన్నాడు తిర్తో.

"నీ పద్ధతికి గుమ్మం దాటే ధైర్యం లేదు," అంది సెకార్.

సురబయ విశ్వవిద్యాలయపు పరిశోధనశాలలో వారి తొలి సంభాషణ ఇదే. దగ్గర్లోని మదురా ద్వీపం చుట్టూ ఉన్న చిన్న దీవులకు మందుల పడవ ఏ వరుసలో వెళ్లాలన్నది సమస్య. ఇంధనం తగ్గాలి, రోగుల నిరీక్షణా తగ్గాలి. ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. సెకార్ ప్రోగ్రామ్ మంచి దారులను జతకలిపి కొత్తవాటిని పుట్టిస్తూ అన్నిచోట్లా వెతుకుతూ తిరిగేది. తిర్తోది ఒకే దారిని పట్టుకుని, రెండేసి రేవులను తారుమారు చేస్తూ మెరుగుపెట్టేది. విడివిడిగా రెండూ చతికిలబడ్డాయి. అందువల్ల అందరూ 'ఇబు', అంటే అమ్మ, అని పిలిచే ఆచార్యురాలు పాంగెస్తి రెండింటినీ కలిపి ఒకే సంకర పద్ధతి చేయమన్నారు. ఆ కారణంగా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చింది. కూర్చున్న ఫలితంగా, తిర్తో తెర వైపు కన్నా పక్కకే ఎక్కువ చూడసాగాడు.

ఇంతలో సెకార్‌కు సముద్రం అవతల మకస్సర్‌లో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎన్నటికీ చెప్పలేనని అతనికి అర్థమైంది. క్యాంటీన్ రేకుల మీద వాన మోగుతుండగా, పులుసు గిన్నె పక్కకు జరిపాడు.

"సెకార్, నువ్వు నాకు ఎదురులేనిదానివి."

మరొకరైతే సిగ్గుపడేవారు. కానీ ఆ పరిశోధనశాలలో 'ఎదురులేనిది' అంటే, అన్ని విధాలా తనను మించే దారి మరొకటి లేనిదని మాత్రమే అర్థం. అలాంటివి ప్రతిసారీ డజన్ల కొద్దీ తేలేవి.

"ఓహో! నాలాంటివాళ్లు ఇంకా ఎంతమంది తేలారు బాబూ?"

"అయ్యో, అది కాదు..."

"ఒకామె వంటలో మెరుగు, ఇంకొకామె ఓర్పులో మెరుగు. వాళ్ల మధ్య నీ గ్రాఫు మీద నేనో చుక్కనా?"

పుస్తకాలు ఒక చేత, గొడుగు ఒక చేత పట్టుకుని ఆమె వానలోకి నడిచింది. అతడు తడుస్తూ వెంటపడ్డాడు.

"ఆగు! కంప్యూటర్ మిగిల్చేది గుంపునే. అందులోంచి ఎంచుకోవాల్సింది మనిషి. నేనైతే గుంపు వంక చూడనే లేదు. ముందే ఎంచేసుకున్నాను."

"పోల్చి చూడకుండానా? ఇబు వింటే తంతారు."

"తన్ననీ."

సెకార్ ఆగింది. "మకస్సర్‌లో ఖాళీలు రెండు. రెండోదానికి నీ పేరు చెప్పాను. ఇందాక నీ మాట విన్నాక, ఫోన్ చేసి తీసేయమందామనుకున్నా."

"మరి... చేస్తావా?"

"రెండు చేతులూ ఖాళీ లేవు కదా!"

అతడు మర్యాదగా గొడుగు అందుకోబోయాడు.

"మొద్దూ! పట్టుకోకు. గొడుగు కిందికి రా."