ఇస్త్రీ చేసిన ముడతలు

పొద్దున్నే తువ్వాళ్లు మడతపెట్టడం ఆవిడకి పాతికేళ్ల అలవాటు. మూడు మడతలు వేసి, అంచు లోపలికి తోసి, అలమరలో ఒకదానిమీద ఒకటి పేర్చాలి. ఆ పొద్దున కూడా అదే చేస్తోంది. కాకపోతే అవి ఎవరూ వాడని తువ్వాళ్లు. పద్దెనిమిది రోజులుగా ముందు గదిలో మసాజ్ బల్ల ఖాళీగా ఉంది. చేతులు ఊరుకోక, ఉతికినవే మళ్లీ ఉతికింది.

ముందు గదిలో భర్త పని, వెనక గదుల్లో కాపురం. ముప్పై ఏళ్లుగా ఆయన పట్టేసిన మెడలూ నడుములూ బాగుచేస్తున్నాడు. చెయ్యి తిరిగిన మనిషి. వీధి వీధంతా మాస్టారనే పిలుస్తుంది. పని చేసేటప్పుడు కళ్లు మూసుకుంటాడు. "నా కళ్లు వేళ్ల చివర ఉంటాయి" అని గొప్పగా చెప్పుకుంటాడు. వంగిపోయి వచ్చినవాళ్లు నిటారుగా నడిచి వెళ్లడం ఆవిడ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

అలాంటి మనిషి మీద ఒక స్కూలు టీచరమ్మ ఫిర్యాదు పెట్టింది.

రొమ్ముకి ఆపరేషనయ్యాక ఆ టీచరమ్మ కుడిచెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. బోర్డు మీద పైవరుస రాయలేకపోతున్నానంటూ వచ్చింది. మూడుసార్లు భుజానికీ వీపుకీ చేయించుకుంది. నాలుగోసారి ఆయన ఆపరేషన్ మచ్చ మీద చెయ్యి వేశాడు.

రొమ్ము, పిరుదులు, తొడల లోపలివైపు లాంటి చోట్ల చెయ్యి వెయ్యాలంటే ఆ వృత్తిలో గట్టి నియమం ఉంది. ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో ముందు చెప్పాలి. ఎప్పుడైనా ఆపమనొచ్చని చెప్పాలి. నోటితో అవుననిపించుకుని, ఆ రోజే కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. ఒకసారి పెట్టిన సంతకం ఇంకోసారికి చెల్లదు. ఆ కాగితాల నీలం ఫైలు నూనె సీసాల కింద పీటలా పడి ఉంది. ఒక్క కాగితం మీదా రాత లేదు. నూనె మరకలు మాత్రం ఉన్నాయి.

రేపు లైసెన్సు బోర్డులో విచారణ.

"ఏమే, సంతకం పెట్టావా?" అంటూ ఆయన లోపలికొచ్చాడు. రాత్రే తన చేత్తో రాసిపెట్టిన కాగితం అది. "కర్టెను అవతల నేనున్నాను, మా ఆయన అడిగారు, ఆమె సరే అంది" అని. ఇంతే. కింద ఆవిడ పేరుకి చోటు వదిలాడు.

"ఆవిడ సరే అనడం నేను వినలేదండీ."

"బట్టలుతికే మిషను మోతలో వినపడి ఉండదు. ఇక్కడ కూడా చూస్తాను, సరేనా అన్నాను. మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం అని పెద్దవాళ్లు ఊరికే అన్నారా?"

కిటికీ పక్క కుర్చీలోంచి ఆయన అక్క అందుకుంది. మొగుడు పోయినప్పట్నుంచీ ఆవిడ వీళ్ల దగ్గరే ఉంటోంది. "పాతికేళ్లు వాడి రెక్కల కష్టం తిని, ఒక్క సంతకానికి ఇంత రాగమేంటమ్మా? మా తమ్ముడు చెయ్యి వేస్తే రాయికైనా నొప్పి పోతుంది."

"రాయికి నొప్పెక్కడుంది అత్తా, పోవడానికి?" అంటూ కూతురు చెప్పులు విప్పి లోపలికొచ్చింది. ఆమెదీ అదే పని, ఇంకో వీధిలో. పనితనం తండ్రి దగ్గర నేర్చుకుంది. నియమాలు కాలేజీలో నేర్చుకుంది. ఆ నీలం ఫైలు తెచ్చిపెట్టింది కూడా ఆమే.

"వచ్చిందండీ కాగితాల డాక్టరు" అంది మేనత్త.

కూతురు నవ్వలేదు. తల్లి పక్కనున్న కాగితం చదివి తండ్రి వైపు చూసింది.

"నాన్నా, అర్ధం అంటే ఏంటి?"

"ఏంటా ప్రశ్న? సగం."

"మరి మిగతా సగం ఎవరిచ్చారు?"

ఆయన ముఖం కందగడ్డయింది. "నేను తప్పుగా ముట్టుకున్నానంటావా? కన్నకూతురివి, నువ్వా అనేది?"

"నీ బుద్ధి నాకు తెలుసు నాన్నా. ఆవిడకెలా తెలుస్తుంది? అక్కడ కత్తి పడింది. అద్దంలో తనే చూసుకోలేని చోటు అది. నువ్వు మంచివాడివో కాదో తేల్చుకునే పని ఆవిడ నెత్తిన పెట్టావు, అదీ బట్టల్లేకుండా పడుకుని ఉండగా. అందుకేగా ముందు అడగమన్నది!"

"చెయ్యి లేచిందా లేదా? అది చెప్పు!" ఆయన గొంతు పెంచాడు. "ఎవరూ రాకుండా వీధి తలుపుకి పైగొళ్లెం పెట్టాను కదా? వచ్చినప్పుడు భుజం దాటని చెయ్యి. వెళ్లేటప్పుడు ఆ గొళ్లెం తనే అందుకుని తీసింది. కుడిచేత్తో! నీ కాలేజీలో ఎవడైనా చేసి చూపించాడా?"

తువ్వాలు మడతపెడుతున్న ఆవిడ ఆగింది.

"గొళ్లెం తీసింది పారిపోవడానికండీ" అంది నెమ్మదిగా.



ఆయన కోపం దిగమింగుకుని వెనకగా వచ్చి, ఎప్పటిలాగే ఆవిడ మెడ మీద బొటనవేలు పెట్టాడు. ఎక్కడ పట్టేస్తుందో ఆ వేలికి తెలుసు. అలిగినా, ఏడ్చినా, ఎదురు చెప్పినా పాతికేళ్లుగా ఆ వేలే జవాబు. "ఊరికే కంగారు పడుతున్నావు. మెడ చూడు, కర్రలా బిగుసుకుపోయింది..."

"తియ్యండి."

"నొప్పా?"

"నొప్పి కాదు. వద్దు."

ఆ మాట ఆ ఇంట్లో ఆవిడ నోటి వెంట ఎప్పుడూ రాలేదు. ఆయన చెయ్యి గాలిలో ఉండిపోయింది. ఎక్కడ పెట్టుకోవాలో దానికి తెలియలేదు.

ఆవిడ తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాక ఎవరి ముఖమూ చూడలేదు.

"ఆ రోజు బల్ల ఎక్కబోతూ ఆ టీచరు పిల్ల నా చెయ్యి పట్టుకుంది. మీరిక్కడే ఉంటారుగా అమ్మా అంది. ఉంటాను తల్లీ అన్నాను. ఇంతలో మిషను కూసింది. తడిబట్టలు తీసి వద్దామని వెళ్లాను. తిరిగొచ్చేసరికి మీరు కళ్లు మూసుకుని పని చేసుకుంటున్నారు. ఆ పిల్ల కళ్లు తెరిచి పైకప్పు చూస్తోంది. రెండు చేతులా దుప్పటి పట్టుకుంది. పిడికిళ్లు తెల్లగా అయిపోయాయి. మీ కళ్లు వేళ్ల చివర ఉన్నాయి. నా కళ్లు ముఖం మీదే ఉన్నాయి కదండీ? నేను చూశాను. తువ్వాళ్లు పక్కన పెట్టి వచ్చేశాను."

"అమ్మా..." అంది కూతురు.

"ఆగవే, చెప్పనీ. ఆ పిల్ల వెళ్లాక దుప్పటి తీస్తే రెండు పక్కలా రెండు ముడతలు. పిడికిలంత. ఉతికినా పోలేదు. నీళ్లు చల్లి, ఇస్త్రీపెట్టె వేడి పెంచి, పోయేదాకా రుద్దాను. మా ఆయన పని మీద మచ్చ ఉండకూడదనుకున్నాను కాబోలు." ఆవిడ ఒళ్లోని తువ్వాలు మడత విప్పేసింది. "మిగతా సగం ఎవరిచ్చారని అడిగావుగా. నేనిచ్చాను. ఆ పిల్ల నోరు భయంతో పడిపోయింది. నాకేం వచ్చింది రోగం?"

కూతురు వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. మేనత్త కిటికీ వైపు తిరిగింది. తల్లి పెన్ను తీసుకుని, భర్త రాసిన మూడు ముక్కలూ కొట్టేసి, వంకర అక్షరాలతో తను చూసింది రాసింది. ఉంటానని మాటిచ్చి వెళ్లిపోయానని కూడా రాసింది. ఆయన కాగితం లాక్కోలేదు. ముందు గదిలోకి వెళ్లి ఆ ఖాళీ బల్ల మీద పడుకున్నాడు. కాసేపటికి ఆవిడ కర్టెను సందులోంచి చూసింది. వెల్లకిలా పడుకుని, కళ్లు తెరిచి, పైకప్పు చూస్తున్నాడు.

మర్నాడు బోర్డు గదిలో ఆవిడ కాగితం చదవాల్సిన అవసరం రాలేదు. "ముందుగా అడిగారా?" అన్న ప్రశ్నకి ఆయన లేచి నిలబడి, "లేదు. మధ్యలో ఒక్క మాట అన్నాను. జవాబు కోసం ఆగలేదు" అన్నాడు. అయినా ఆవిడ తన కాగితం ఇచ్చే వచ్చింది. మూడేళ్లు లైసెన్సు రద్దు చేశారు. అరవై దాటిన మనిషికి మూడేళ్లంటే ఎంతో అందరికీ తెలుసు.

వరండాలో టీచరమ్మ ఎదురైంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పక్కకి జరిగి దారిచ్చాడు. ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. ఆయన భార్య వైపు మాత్రం ఒక్కసారి చూసింది. ఆ చూపులో క్షమ దొరుకుతుందేమోనని ఆవిడ వెతికింది. దొరకలేదు.

సాయంత్రం ఆయన కుర్చీ వేసుకుని వీధి గుమ్మం మీది పేరు బోర్డు దింపాడు. తర్వాత లోపలికొచ్చి పైగొళ్లెం మేకులు కూడా ఊడదీశాడు. ఆవిడ సింకు దగ్గర గిన్నెలు కడుగుతూ భుజం ఎగరేసి మెడ సర్దుకుంటోంది. ఆయన రెండు అడుగులు వేసి, అక్కడే ఆగిపోయాడు.

"మెడ పట్టేసిందా?"

"ఊఁ."

"చూడనా?"

ఆవిడ కుళాయి కట్టేసింది. వెనక అడుగు చప్పుడు కాలేదు. ఆయన నిజంగానే జవాబు కోసం నిలబడ్డాడు.

"ఇవాళ వద్దండీ."

"సరే" అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు ఊరి నొప్పులన్నీ తీసిన చేతులు అవి. "నిన్ను కూడా ఎప్పుడూ అడగలేదు కదూ?" అన్నాడు.

ఆవిడ జవాబు చెప్పలేదు. తడిచేతులు తుడుచుకోకుండానే వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. ఈసారి ఆ మౌనాన్ని ఆయన అవునని అనుకోలేదు, కాదనీ అనుకోలేదు. ముఖం చేతుల్లో దాచుకోకుండా, ఆవిడ చూస్తుండగానే ఏడ్చాడు.