అభ్యంతరం లేని గది

మధ్యాహ్నం రెండు కాగానే ఎర్రకొండ విశ్వవిద్యాలయంలో లిఫ్టులు ఆగిపోతాయి, వరండాల్లో ఫ్యాన్లు నెమ్మదిస్తాయి. 2074 నాటికి ఇది ఎవరికీ వింత కాదు. కరెంటు ఆదా కోసం ఆవరణలోని ఆరువందల విద్యుత్ పరికరాల్లో ముందు దేన్ని ఆపాలో తేల్చేది మనిషి కాదు, శక్తి ప్రాధాన్య నిర్ణాయకం. అంత పేరు పలికే ఓపిక లేనివాళ్లు దాన్ని కోతరాయుడు అంటారు.

దాన్ని తయారుచేసింది డాక్టర్ మేడా హైమావతి. సూత్రం తేలికే. యంత్రం ఒక్కో పరికరానికీ కరెంటు కాస్త తగ్గించి చూస్తుంది. అక్కడున్నవాళ్లు తమ మణికట్టుకున్న చేతి పట్టీ నొక్కి అభ్యంతరం చెబితే అది అవసరం, ఎవరూ నొక్కకపోతే దుబారా. పట్టీ నాడిని కూడా నమోదు చేస్తుంది గాని, లెక్కకు మాత్రం నొక్కడమే ప్రమాణం. అవసరమున్నవాళ్లు ఊరుకోరని హైమావతి నమ్మకం. రిజిస్ట్రార్ గారు ఏనాడూ ఊరుకోలేదు. తన గదిలో చల్లదనం అర డిగ్రీ తగ్గితే చాలు, పట్టీ అరిగిపోయేలా నొక్కేవారు. మే నెలలో కూడా ఆయన శాలువా కప్పుకునే సంతకాలు పెట్టేవారు.

విత్తనాలకు చేతి పట్టీలుండవు. వృక్షశాస్త్ర విభాగం వెనక ఒక చలిగది ఉంది. సీమ రైతుల దగ్గర ముప్పై ఏళ్లుగా అడిగి తెచ్చిన కొర్ర, ఆరిక, అండుకొర్ర రకాలు నాలుగువందల పన్నెండు అందులో ఉండేవి. వాటిలో చాలావాటికి మరో పిడికెడు ఇంకెక్కడా లేదు. అవన్నీ సేకరించిన ఖాదర్ వలీ రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి వాటిని చూసుకునేవాడు. మార్చి చివర యంత్రం ఆ గదికి కరెంటు తగ్గించి చూసింది. ఎవరూ నొక్కలేదు. కోత జాబితాలో మొదటి స్థానం ఆ గదికే దక్కింది. అప్పట్నుంచి రోజూ రెండు నుంచి ఐదు దాకా చలిగది ఆగిపోయేది.

ఖాదర్ వలీ నొక్కలేదు గాని, ఏప్రిల్‌లో ఒకరోజు ఎండలో నడిచి హైమావతి గదికి వచ్చాడు.

"అమ్మా, మద్యాన్నమైతే గదిలో సల్లదనం పోతాంది. పొట్లాలకు చెమ్మ పడతాంది. తలుపు సందుల్లో గోనెగుడ్డలు కుక్కినా ఆగేట్టు లేదు."

"చూస్తానండీ, వలీ గారూ," అంది హైమావతి.

చూసింది కూడా. ఆ గది జాబితాలో ఉంటే ఆవరణ మొత్తం ఆదా ముప్పై ఒకటి శాతం. తీసేస్తే ఇరవై ఎనిమిది. ముప్పై దాటితేనే, కరెంటు ఆదా చేసే విశ్వవిద్యాలయాలకిచ్చే హరిత పతాకం. పరిశీలకులు జూన్‌లో వస్తున్నారు. ఆమె తెర ఆపేసింది. జూన్ దాకానే కదా అనుకుంది. ఆ తర్వాత ఖాదర్ వలీ దూరంగా కనిపిస్తే వేరే మెట్ల వైపు తిరిగేది. అలా తిరిగిన ప్రతిసారీ తనమీద తనకే అసహ్యం వేసేది. అయినా తిరిగేది.

పతాకం ఎగిరింది. ఆమెకు దండ వేశారు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఆమె చలిగదికి వెళ్లింది. ఖాదర్ వలీ తడిగుడ్డ పరిచిన పళ్లేల ముందు కూర్చుని ఉన్నాడు. ఒక్కో పళ్లెంలో వంద గింజలు.

"ఎన్ని మొలిచాయి?"

"కొర్రల్లో మూడు. ఆరికల్లో ఒగటీ లేదమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది హైమావతికి.

"మీరు పట్టీ ఎందుకు నొక్కలేదు?" అంది. అంటుండగానే సిగ్గేసింది.

"మీకు చెప్పినా గదమ్మా. దాన్ని చేసిందే మీరు. మనిషికి చెప్పినాక మళ్లా మిషన్‌కు చెప్తే, మిమ్మల్ని నమ్మనట్టు గాదా?"

ఆమె తన పట్టీ నొక్కింది.

"అభ్యంతరం అందింది," అంది గోడలోంచి కోతరాయుడు. "చలిగదిని కోత జాబితా నుంచి తొలగించాను."

"ఒక్కసారి నొక్కితేనేనా?"

"ఈ గదికి ఒక్కటి చాలు. ఇంతవరకు ఒక్కటీ రాలేదు."

హైమావతి గోడకు ఆనుకుంది. "నేను ఒప్పుకున్నాననుకున్నావా?"

"డెబ్బై ఒక్క రోజులు, సరిగ్గా రెండు గంటలకు మీ నాడి వేగం పెరిగింది. ఆవరణలో ఇంకెవరికీ అలా జరగలేదు. అది అభ్యంతరమేమోనని పరిశీలించాను. మీరు నొక్కలేదు. నొక్కని బాధ విలువ సున్న అని సూత్రంలో మీరే రాశారు."

ఖాదర్ వలీకి అంతా అర్థమైందో లేదో. తన స్టూలు ఆమె వైపు జరిపాడు. "కూర్చోండమ్మా. అట్ల పాలిపోయినారేంది?"

ఆమె కూర్చోలేకపోయింది. లోపల కంప్రెసర్ మొదలైంది. చల్లదనం పోకుండా ఖాదర్ వలీ తలుపు జాగ్రత్తగా మూశాడు.